తిరిగి ఇవ్వలేని చేబదులు

1963లో డెర్వ్లా మర్ఫీ అనే ఐర్లండు ఆవిడ మన ఢిల్లీదాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చింది, ఒంటరిగా. ఆవిడ కథ చదివినవాళ్ళు దారిలో ఎదురైన తోడేళ్ళ గురించీ, ఆవిడ జేబులో పెట్టుకు తిరిగిన పిస్తోలు గురించీ చెప్పుకుంటారు. నాకు మాత్రం మొదట గుర్తొచ్చేది, బయల్దేరేముందు ఆవిడ సైకిలుకి చేయించిన ఓ చిన్న మార్పు. ఆ బండికి మూడు గేర్లుండేవి. వాటిని ఊడదీయించేసింది. ఆసియా రోడ్లమీద ఆ సుకుమారపు సామాను నిలబడదని ఆవిడ అనుమానం.

దూరం వెళ్ళేటప్పుడు ఎవరైనా ఉన్నవాటికి ఇంకో నాలుగు జతచేసుకుంటారు గాని, ఉన్నది తీసేసుకుంటారటండీ? తిరుపతి వెళ్ళి రావడానికే మనం సూదీదారం నుంచి అమృతాంజనం దాకా సర్దుకుంటాం. ఈవిడ మంచూ కొండలూ దాటి రావలసిన మనిషి. గేర్లుంటే ఎత్తులు ఎక్కడం ఎంత తేలికో తొక్కినవాళ్ళకి తెలుసు. అయినా సరే, తీసేసింది. ఎత్తు ఎక్కలేకపోతే దిగి నడిపించుకుపోవచ్చు. గేరు విరిగితే ఏ పర్షియా పల్లెలో ఎవరు బాగుచేస్తారు?

ఆవిడ గురించి ఇంకో రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. 1931లో పుట్టింది. పదో పుట్టినరోజుకి ఓ పాత సైకిలూ ఓ అట్లాసూ చేతికొస్తే, ఎప్పటికైనా ఇండియాకి సైకిలుమీద వెళ్తానని అప్పుడే అనేసుకుంది. తల్లికి కీళ్ళవాతం, కదల్లేని మనిషి. పద్నాలుగో ఏట చదువు మాని ఆవిడకి చేసేందుకు ఇంట్లో ఉండిపోయింది. 1962లో తల్లి పోయింది. 1963 జనవరిలో ఈవిడ బయల్దేరింది. అనుకున్నదానికీ చేసినదానికీ మధ్య ఇరవై ఏళ్ళ పైచిలుకు. అందులో ఎక్కువ భాగం ఎవరి మంచం పక్కన గడిచిందో మన ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 2022లో, తొంభై ఏళ్ళ వయసులో కన్నుమూసింది. అప్పటికి ఎన్ని దేశాలు తిరిగిందో, ఎన్ని పుస్తకాలు రాసిందో!

గేర్లు తీయించడం పైకి చూస్తే ‘నా పని నేనే చేసుకుంటాను, ఒకళ్ళ చేతికింద ఉండను’ అన్నట్టు కనిపిస్తుంది. నాకలా అనిపించదు. ఒంటరిగా వెళ్ళే మనిషి ఎప్పుడో ఒకప్పుడు ఎవరి చేతిలోనో పడక తప్పదు. పడితే ఆ చేతికి లొంగే వస్తువుతో పడాలి. ఊరి కమ్మరైనా, లారీ క్లీనరైనా చూడగానే ‘ఓస్, ఇదా’ అనేట్టుండాలి. ఇవాళ్టికీ ఖండాలు దాటే సైకిలు యాత్రికుల్లో చాలామంది తేలికపాటి కొత్త లోహాలు మానేసి ఉక్కు చట్రమే ఎంచుకుంటారు, విరిగితే ఏ వెల్డింగు షాపులోనైనా అతుకుతారని. చక్రాలు కూడా టైర్లు ఎక్కడైనా దొరికే కొలతవి పెట్టించుకుంటారు. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ కుర్రాళ్ళు ప్రపంచం చుట్టిరావడానికి సైకిళ్ళమీద బయల్దేరితే, 1928లో ముగ్గురు చుట్టు పూర్తిచేసుకుని తిరిగొచ్చారు. ఆ నాలుగున్నరేళ్ళలో ఎన్ని దేశాల ఎంతమంది చేతులు ఆ చక్రాలమీద పడ్డాయో వాళ్ళకే తెలియాలి.

ఇంతకీ నన్ను వేధించే ప్రశ్న సైకిలుది కాదు. ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర, మళ్ళీ జన్మలో కనపడని మనిషి దగ్గర, తీర్చలేని సాయం పుచ్చుకోవడం ఎలాగ? పుచ్చుకోవచ్చా అసలు?

నవ్వకండి. మనం పెరిగిన ఇళ్ళల్లో ఇది చిన్న విషయం కాదు. పక్కింటినుంచి గ్లాసుడు పంచదార చేబదులు తెస్తే, ఇచ్చేటప్పుడు గ్లాసు తలకొట్టి ఇవ్వకూడదు, శిఖ పెట్టి ఇవ్వాలి. వాళ్ళు కూర పంపిన గిన్నె ఖాళీగా వెనక్కి పంపకూడదు, ఏదీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపాలి. పెళ్ళిలో ఎవరు ఏం చదివించారో పుస్తకంలో రాసి ఉంచేది వాళ్ళింట్లో పెళ్ళికి మళ్ళీ చదివించడానికే. ఈ లెక్కలన్నీ మొగవాళ్ళ నెత్తిన కాదు, మన నెత్తినే ఉంటాయి. అందుకే ఇవ్వడం మనకి వచ్చినంత బాగా పుచ్చుకోవడం రాదు. జ్వరంతో పడుకున్నా ‘మీకెందుకండీ శ్రమ’ అంటూ లేచి కాఫీ కలపబోతాం.

సరే, అసలు సంగతికి వస్తాను. మా అమ్మాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. 2024 జూలైలో నేను వెళ్ళినప్పుడు ‘దాన్యూబు ఒడ్డున సైకిళ్ళమీద వెళ్దామమ్మా, నీకెటూ సైకిలొచ్చుగా’ అంది. వచ్చు. తెనాలిలో హైస్కూలుకి వెళ్ళిందే సైకిలుమీద. కాకపోతే అది నలభై ఏళ్ళనాటి మాట. పాసౌ అనే జర్మనీ ఊరినుంచి ఆస్ట్రియాలో వియన్నాదాకా మూడొందల కిలోమీటర్ల పైన. భయపడ్డాను గాని, దారి నది వెంటే పోతుంది, దాదాపు అంతా బల్లపరుపు. మోటార్ల గొడవ తక్కువ. నాకన్నా పెద్దవాళ్ళు, తెల్లజుట్టు ముసలమ్మలు, గంట కొట్టుకుంటూ నన్ను దాటి పోతుంటే సిగ్గేసి భయం పోయింది.

నాలుగోరోజు ఆదివారం. పొద్దున్నే ఓ ఊళ్ళో నా వెనకచక్రం ట్యూబు చిరిగింది, ప్యాచీకి లొంగనంతగా. అక్కడ ఆదివారం దుకాణాలు తియ్యరు. అయితే సైకిలు షాపు గోడకి ఓ యంత్రం తగిలించి ఉంది, మన రైల్వే స్టేషన్లలో బిస్కట్లిచ్చేలాంటిది. డబ్బులు వేసి మీట నొక్కితే ట్యూబు పెట్టె కింద పడింది. మా అమ్మాయి పావుగంటలో మార్చేసింది. ఎవర్నీ అడగలేదు, ఎవరికీ దండం పెట్టలేదు. ‘చూశావా అమ్మా, ఇదీ నాగరికతంటే’ అంది. నాకూ ముచ్చటగానే అనిపించింది.

మధ్యాహ్నం పెర్సెన్‌బోయ్గ్ దాటాక ఓ పల్లె దగ్గర మంచినీళ్ళకి ఆగాం. దాని సైకిలు గోడకి ఆనించి ఉంచితే జారి, కుడిపక్కకి రాళ్ళమీద పడింది. లేవనెత్తి తొక్కబోతే కటకట. గొలుసుని ఒక పళ్ళచక్రం మీదనుంచి ఇంకోదాని మీదకి నెట్టే గేరు పరికరం లోపలికి ఒంగిపోయి, చక్రం చువ్వలకి తగులుతోంది. మా అమ్మాయి వంగి చూసి, ‘హ్యాంగరు పోయింది’ అంది, ఇంట్లో ఎవరో పోయినంత మెల్లిగా.

హ్యాంగరంటే ఏమిటని అడిగాను. గేరు పరికరాన్ని సైకిలు చట్రానికి పట్టి ఉంచే వేలెడంత లోహపు ముక్కట. దాన్ని కావాలనే మెత్తటి లోహంతో చేస్తారట. ఎందుకంటే దెబ్బ తగిలినప్పుడు ముందు అది ఒంగాలి, లేకపోతే విరగాలి, చట్రం మాత్రం చెక్కుచెదరకూడదు. ఖరీదైనది చట్రం కదా! ప్రతి సంసారంలోనూ అలాంటి ముక్క ఒకటుంటుంది, అదెవరో మీకు తెలుసు. నేను మా అమ్మాయితో ఆ మాటే అంటే, ‘అమ్మా, ఇప్పుడు కాదు’ అంది. ఇంకో విశేషం, ఆ ముక్క ఒక కంపెనీది ఇంకో కంపెనీకి పట్టదు. వందల రకాలు. ఏ యంత్రంలోనూ దొరకదు.

మేమలా నిలబడి ఉంటే, ఎదురింటి తోటలోంచి ఓ పెద్దాయన వచ్చాడు. డెబ్భై అయిదేళ్ళుంటాయి. ఆదివారం బట్టలు, ఇస్త్రీ చొక్కా. సైకిలు చూసి, తల ఊపి, షెడ్డు వైపు చెయ్యి చూపించాడు. మా అమ్మాయికి జర్మను వచ్చుగాని ఆయన మాట్లాడే పల్లె యాస సగమే అర్థమైంది. చొక్కా చేతులు మడిచాడు. ముందు ఒంగిన ముక్కని వంచి సరిచెయ్యబోయాడు గాని, అది చిట్లి ఉంది. అప్పుడాయన చేసిన పని చూస్తూంటే నాకు ఒళ్ళు ఝల్లుమంది. గేరు పరికరం మొత్తం విప్పేసి పక్కన పెట్టాడు. గొలుసు తెంపాడు. వెనక ఉన్న తొమ్మిది పళ్ళచక్రాల్లో మధ్యదాని మీదకి సరిగ్గా వచ్చేట్టు గొలుసు కొలిచి, ఎక్కువైన లింకులు తీసేసి, మళ్ళీ కలిపాడు. గేర్లు లేవు. నా తెనాలి సైకిలు లాంటి సైకిలు తయారైంది. ఐర్లండు ఆవిడ బయల్దేరేముందు చేయించిన పని, ఈయన సగం దారిలో చేసి పెట్టాడు.

అన్నట్టు, ఆ షెడ్డులో ఆయన సొంత సైకిలు కూడా ఉంది. దాని చక్రానికి ఉన్నది మన పాత సైకిళ్ళకుండే వాల్వే. నేను దాన్ని వేలితో చూపించి, చొక్కా పట్టుకుని ‘మాదీ ఇదే’ అన్నట్టు సైగ చేస్తే ఆయన నవ్వాడు. నలభై నిమిషాల్లో మా ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణ అదొక్కటే.

అయిపోయాక మా అమ్మాయి ఇరవై యూరోల నోటు తీసింది. మన లెక్కలో పద్దెనిమిది వందలు. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ఇది వదల్లేదు. బల్లమీద పెట్టబోయింది. ఆయన ముఖంలో నవ్వు పోయింది. కోపం కాదు, ఏదో చిన్నబుచ్చుకున్నట్టు. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను.

ఆ సాయంత్రం మెల్క్‌లో, కొండమీద పసుప్పచ్చగా మెరిసిపోతున్న ఆ పెద్ద మఠం ఎదురుగా కూచుని, మఠం సంగతి వదిలేసి మేమిద్దరం ఇరవై యూరోల గురించి పోట్లాడుకున్నాం. దాని వాదన దానిది. ‘ఆయన ఆదివారం మధ్యాహ్నం మనం తినేశామమ్మా. ఇస్త్రీ చొక్కాకి నూనె మరకైంది. మనం నమస్కారం పెట్టి వచ్చేశాం. మంచివాళ్ళు కదా అని మంచివాళ్ళ దగ్గర ఊరికే పుచ్చుకోవడం దోపిడీ కాదా?’ అంది. కొట్టిపారేసే మాట కాదు సుమండీ. ‘ఎంత మంచివాడో’ అనేమాటతో ఎంతమంది పని ఉచితంగా చేయించుకుంటారో, ముఖ్యంగా ‘ఎంత మంచిదో’ అనేమాటతో, మనం చూడలేదూ?

నేనన్నాను: ‘ఆ నోటు ఆయనకి అవసరమని ఇవ్వబోయావా, నీ చెయ్యి దురదకి ఇవ్వబోయావా?’

అది మాట్లాడలేదు. నేనే మాట్లాడాను, అలవాటే కదా. ఋణం తీర్చడంలో రెండు రకాలున్నాయి. ఎదటివాడికి దక్కాల్సింది దక్కించడం ఒకటి. మన మెడమీద బరువు దించేసుకుని, ఇక ఆ మనిషితో మనకేం సంబంధం లేదు అనిపించుకోవడం రెండోది. పొద్దున్న ట్యూబు యంత్రానికి డబ్బు వేసి వచ్చాం, సంబంధం అక్కడితో సరి. ఆ పెద్దాయన్ని కూడా యంత్రం పక్కన నిలబెట్టాలనే కదా ఆ ఇరవై యూరోలు? ఆయన ఇచ్చింది దానం కాదు, కూలిపనీ కాదు. ఆయన చేతికి పని వచ్చు, మన బండి చెడింది, అంతే. దానికి వెల కడితే, ఆయన ఇచ్చినదాన్ని లాక్కుని పని మాత్రం మిగుల్చుకున్నట్టవుతుంది.

‘అలాగైతే మన వీధి చివర పంక్చర్లు వేసే అతనికి కూడా డబ్బివ్వద్దా?’ అంది మా అమ్మాయి. దెబ్బతీయడం దానికి బాగా వచ్చు.

ఇదిగో, ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. మన వీధి చివర చెట్టుకింద నీళ్ళతొట్టి, పంపు, ఓ డబ్బా పెట్టుకుని కూచునే అతను చేసే పనీ ఆ పెద్దాయన చేసిన పనీ ఒకటే. ట్యూబుని నీళ్ళల్లో ముంచి, బుడగ ఎక్కడ లేస్తోందో చూసి, ఆకురాయితో గీకి, సొల్యూషను రాసి, ఆరనిచ్చి, ప్యాచీ వేసి తడతాడు. అందులో ఒక్క మెట్టు తొందరపడ్డా గాలి నిలవదు. అంత ఓపిక, అంత నేర్పు. కానీ అది అతని అన్నం. అక్కడ ‘ఎంత మంచివాడవయ్యా’ అంటూ అయిదు రూపాయలు తగ్గించి ఇవ్వడం మన ఊళ్ళల్లో రోజూ జరిగే తంతు. పెద్ద కారులో వచ్చినవాళ్ళు కూడా అతని దగ్గరే బేరమాడతారు. విదేశంలో ఒక్కరోజు సాయం చేసిన పెద్దమనిషి గురించి ఊళ్ళో అందరికీ చెప్పుకుంటారు. ఇక్కడ ఇరవై ఏళ్ళుగా బడికెళ్ళే పిల్లల సైకిళ్ళకి గాలి కొడుతున్న మనిషి పేరు అడగరు. అమ్ముకోని మనిషికి అంటగట్టబోయే డబ్బు, అమ్ముకుని బతికేవాడి దగ్గర కోస్తారు. రెండూ తలకిందులే.

ఎవరు ఏ వరసలో ఇస్తున్నారో కనిపెట్టడం ఎలాగని అడుగుతారు మీరు. నాకూ సూత్రమేదీ తెలీదు. ముఖం చూడాలి. చేతులు వెనక్కి పెట్టుకున్నప్పుడు ఆగాలి. వద్దంటూనే నిలబడి ఉన్నప్పుడు ఇంకోసారి అడగాలి. మన వంటమనిషి దగ్గరా, తోడికోడలి దగ్గరా ఆ చూపు మనకి ఉన్నదే. పొలిమేర దాటాక ఎందుకో మర్చిపోతాం, నోట్లు లెక్కపెడతాం.

ఈ కథ చెప్పినప్పుడు మా పక్కింటి వదినగారు అడిగింది మాత్రం ఇదేదీ కాదు. ‘బావుంది వరస! మొహం తెలియని మొగాడు షెడ్డు చూపిస్తే ఇద్దరాడవాళ్ళు లోపలికి ఎలా వెళ్ళారమ్మా?’ అని. న్యాయమైన ప్రశ్న. మేం లోపలికి వెళ్ళలేదు. సైకిలు వెళ్ళింది. షెడ్డు తలుపు రోడ్డుకే, తెరిచే ఉంది. మేం గుమ్మంలో నిలబడ్డాం. అమ్మాయి ఫోను చేతిలోనే ఉంది. ఆ పెద్దాయన్ని అనుమానించామని కాదు. పరాయిచోట చెడిన బండితో నిలబడ్డ ఆడదానికి సాయం, ప్రమాదం ఒకే దారిన, ఒకే ముఖంతో వస్తాయి. మొగవాళ్ళు ‘మనుషుల్ని నమ్మాలండీ’ అని తేలిగ్గా చెప్పేస్తారు, వాళ్ళకేం! డెర్వ్లా మర్ఫీ పిస్తోలు జేబులో పెట్టుకునే ముక్కూమొహం తెలియనివాళ్ళ ఇళ్ళల్లో అన్నం తింది, వాళ్ళ కప్పుకింద నిద్రపోయింది. అఫ్ఘనిస్తాన్‌లో ఓ బస్సులో ఎవరో ఎవరితోనో పోట్లాడుకుంటూంటే తుపాకీమడమ తగిలి ఆవిడ పక్కటెముకలు విరిగాయి. అయినా అఫ్ఘన్ల మీద ఆవిడకున్న ప్రేమ ఇసుమంత తగ్గలేదు. జాగ్రత్తా నమ్మకమూ సవతులని మనకెవరు నేర్పారో గాని, ఆవిడ రెండింటినీ ఒకే సంచీలో మోసింది.

అందుకని ట్యూబులిచ్చే యంత్రాన్ని తీసిపారెయ్యను. చీకటిపడ్డాక ఒంటరి ఆడపిల్లకి అది దేవుడే. ఎక్కడినుంచి వచ్చావు, ఎవరితో వచ్చావు, పెళ్ళయిందా అని అడగదు. నేను భయపడేది, అదొక్కటే ఉన్న ఊరు గురించి. అక్కడ వేలెడు ముక్క విరిగితే ఏం చేస్తాం?

సోమవారం క్రెమ్స్‌లో సైకిలు షాపుకి వెళితే, ఆ రకం హ్యాంగరు లేదు, వియన్నాలో చూసుకోండన్నారు. అక్కడికి ఎనభై కిలోమీటర్లు. ఒకే గేరుమీద, రెండురోజులు, దారి బల్లపరుపు కనక సరిపోయింది. తల్లినైన నేను గేర్లమీద ముందు, అమ్మాయి వెనక. వియన్నాలో దుకాణం కుర్రాడు గొలుసు చూసి, దీన్నిలా పొట్టి చేశారు, ఇక గేర్లు పెడితే చాలదు, కొత్త గొలుసు వెయ్యాలన్నాడు. అప్పుడు మా అమ్మాయి సంచీలోంచి ఓ కాగితం పొట్లం తీసింది. బయల్దేరుతూంటే ఆ పెద్దాయన దాని చేతిలో పెట్టాడట, నేను చూడలేదు. తీసేసిన లింకులు, ఒక్కటీ పోకుండా, నూనె తుడిచి మడిచి కట్టినవి.

కుర్రాడు వాటిని లెక్కపెట్టి, గొలుసుకి కలిపాడు. హ్యాంగరు బిగించాడు. బిల్లు రాశాడు. హ్యాంగరు ఇంత, కూలి ఇంత. మా అమ్మాయి పైసాతో సహా కట్టి, కాగితం మాత్రం వెనక్కి అడిగి తీసుకుంది.